వెలిగి ఆరిపోయే లైటు

హోస్ట్: నమస్కారం. ఈ వారం విజయవాడ ఆటోనగర్‌లో, ఒక షెడ్డులోనే కూర్చుని మాట్లాడుకుంటున్నాం. వెనక సుత్తి చప్పుళ్లు వినపడతాయి, సర్దుకోండి. అన్నా, మా నాన్నగారి కారుతోనే మొదలుపెడతా. మొన్న ఏలూరు నుంచి వస్తూ రామవరప్పాడు రింగ్ తిరుగుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు తళుక్కుమంది. రోడ్డు తిన్నగా పడగానే ఆరిపోయింది. "ఆరిపోయిందిగా, పద" అన్నారు.

మెకానిక్: చాలామంది అక్కడే దెబ్బతింటారు తమ్ముడూ. ఏ బొమ్మ? ముక్కు నుంచి చుక్క కారే డబ్బానా?

హోస్ట్: అదే.

మెకానిక్: మలుపులో వెలిగిందన్నావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. ఇంజన్ కింద ఛాంబర్లో ఆయిల్ తగ్గిందనుకో, బండి తిరిగేటప్పుడు ఉన్న కాస్తా ఒక పక్కకి ఒరిగిపోతుంది. పంపుకి ఆయిల్ అందక గాలి పీలుస్తుంది. ప్రెజర్ పడిపోతుంది, లైటు వెలుగుతుంది. తిన్నగా రాగానే ఆయిల్ సర్దుకుంటుంది, లైటు ఆరుతుంది. అంతేగానీ ఆయిల్ పెరగలేదు కదా!

హోస్ట్: అంటే ఆ రెండు క్షణాలూ...

మెకానిక్: బేరింగులకి సరిగ్గా ఆయిల్ అందలేదు. అందుకే వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది ఎప్పుడు వెలిగింది అనే. బ్రేక్ తొక్కినప్పుడో, దిగుడులోనో బ్రేక్ లైటు మినుకుమంటే బ్రేక్ ఆయిల్ తగ్గినట్టు. పోసేసి ఊరుకోకూడదు, ప్యాడ్లు అరిగినా మట్టం దిగుతుంది, ఎక్కడన్నా కారుతున్నా దిగుతుంది. వానలో బ్యాటరీ లైటు వచ్చిపోతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు జారుతుందేమో చూస్తా. గుంతలో పడ్డప్పుడే వస్తే వైరో, టెర్మినలో లూజు.

హోస్ట్: పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ సంగతి? రెండు రోజులు వెలిగి తనంతట తానే పోతుంది.

మెకానిక్: ఇంజన్ కంప్యూటర్ కొన్ని ట్రిప్పులు చూస్తుంది. సాధారణంగా వరసగా 3 ట్రిప్పుల్లో ఆ తప్పు మళ్లీ కనపడకపోతే లైటు ఆర్పేస్తుంది. ఆ తప్పేంటో చెప్పే కోడ్ మాత్రం లోపల ఇంకా చాలా రోజులు ఉంటుంది. తప్పు జరిగినప్పుడు స్పీడెంత, ఇంజన్ వేడెంత, అదీ రాసిపెట్టుకుంటుంది. స్కానర్ పెడితే అంతా బయటపడుతుంది. కొందరు బ్యాటరీ టెర్మినల్ పీకి లైటు ఆర్పేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చాలా బళ్లలో ఆ దెబ్బకి ఉన్న ఆధారం కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు కోడ్ చదివించుకుని, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి.

హోస్ట్: అదే లైటు టపటపా కొట్టుకుంటుంటే?

మెకానిక్: అది వేరు. ఇంజన్ గట్టిగా మిస్సవుతోందని, అంటే లోపల పెట్రోలు సరిగ్గా కాలట్లేదని. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి కాలుతుంది, ఆ కన్వర్టర్ మాడిపోతుంది. మార్చాలంటే వేలల్లో ఖర్చు. యాక్సిలరేటర్ వదిలి, పక్కకి తీసి ఆపేయడమే. స్థిరంగా వెలిగే పసుపు లైటైతే, బండి మామూలుగా నడుస్తుంటే, మెల్లగా షెడ్డుకి తెచ్చుకోవచ్చు.

హోస్ట్: సరే అన్నా, రేపు పొద్దున్నే నాన్నగారి కారు తీసుకొస్తా.

మెకానిక్: ఆగు, అలాగే స్టార్ట్ చేసేయకు. సమంగా ఉన్నచోట, ఇంజన్ చల్లగా ఉండగా ఆయిల్ మట్టం చూసే గేజు పుల్ల లాగి తుడిచి, మళ్లీ పెట్టి చూడు. కింది గీత దాటి దిగితే అదే గ్రేడ్ ఆయిల్ కొద్దికొద్దిగా పోసి, గీతల మధ్యకి వచ్చాక బయల్దేరు. మట్టం సరిగ్గా ఉన్నా లైటు వచ్చిందంటే మాత్రం బండి కదపొద్దు. ఫోన్ చెయ్యి, నేనే వస్తా.