పెద్దపిల్ల ఉండగా చిన్నపిల్ల పెళ్లి: బోర్‌కు ఐన్‌స్టీన్ ఓడలో రాసిన ఉత్తరం

ఐన్‌స్టీన్, డెన్మార్క్ భౌతికశాస్త్రవేత్త బోర్ బద్ధశత్రువులంటూ ఇంకో వీడియో ఎవరైనా ఫార్వర్డ్ చేశారో, ఫోన్ విసిరికొడతాను. క్వాంటం గురించి, అంటే పరమాణువుల లోకం నడిచే తీరు గురించి, ఏళ్ల తరబడి వాదించుకున్నారు, నిజమే. వాదిస్తే శత్రువులేనా? ఆ లెక్కన మా ఇంట్లో అందరం శత్రువులమే.

1922 అక్టోబర్ 8. ఫ్రాన్స్‌లోని మార్సేల్స్‌లో ఐన్‌స్టీన్ జపాన్ వెళ్లే ఓడ ఎక్కాడు. డిసెంబర్‌లో, నోబెల్ ఇచ్చే స్టాక్‌హోమ్‌లో ఉంటే మంచిదని నోబెల్ కమిటీ సభ్యుడు అర్రేనియస్ ముందే ఉత్తరంలో సూచించాడు. అయినా వెళ్లిపోయాడు.

నవంబర్‌లో నోబెల్ ప్రకటించారు. ఆపి ఉంచిన 1921 బహుమతి ఐన్‌స్టీన్‌కు, 1922ది బోర్‌కు. బోర్ ఆరేళ్లు చిన్నవాడు. పెద్దపిల్ల ఇంట్లో ఉండగా చిన్నపిల్లకు సంబంధం కుదిరితే ఆ చిన్నపిల్ల మొహం ఎలా ఉంటుంది? అదీ బోర్ టెన్షన్. తీరా ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లూ కుదిరాయి! హమ్మయ్య అనుకుని, నాకంటే ముందు మీ కృషికి గుర్తింపు దక్కాలనుకున్నానని బోర్ ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం జపాన్ వదిలే ముందు ఐన్‌స్టీన్‌కు అందింది. 1923 జనవరిలో, తిరుగు ప్రయాణంలో, సింగపూర్ దగ్గర హరునా మారు ఓడలో కూర్చుని జవాబు రాశాడు.

[స్క్రీన్ మీద: ఓడ దారి చూపే మ్యాప్]

‘ప్రియమైన’ అని మొదలుపెట్టి, అది చాలదన్నట్టు ఇంకాస్త ముద్దుగా మార్చాడు. మీ ఉత్తరం నోబెల్ అంత సంతోషాన్నిచ్చింది, ముందు మీకు వస్తుందేమోనన్న మీ భయం భలే ఉంది, అచ్చం మీలాగే ఉంది అన్నాడు. చిన్నపిల్ల బుగ్గ గిల్లినట్టు లేదూ? పరమాణువు మీద బోర్ కొత్త పరిశోధనలు కూడా ప్రయాణంలో వెంట తీసుకెళ్లాడట. ఆలోచించేవాడికి ఓడ ప్రయాణం మఠంలో ఉన్నట్టుంటుందని, భూమధ్యరేఖ దగ్గర గోరువెచ్చని వాన బద్ధకంగా కురుస్తోందని, అందుకే ఉత్తరం కూడా ఇలా నిద్రమత్తుగా ఉందని రాశాడు. నాకైతే అతని సమీకరణాలకన్నా ఈ వాన ముక్కే ఇష్టం.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. అంతకుముందు 1922 డిసెంబర్ 10న, నోబెల్ ప్రదానం రోజు, పందిట్లో పెద్దపిల్లే లేదు! ఐన్‌స్టీన్ బదులు బహుమతి జర్మన్ రాయబారి అందుకున్నాడు. డబ్బు విడాకుల ఒప్పందం ప్రకారం మొదటి భార్య మిలేవాకు. 1923 జులైలో ఐన్‌స్టీన్ స్వీడన్ వెళ్లి ప్రసంగించాడు, కోపెన్‌హాగన్‌లో బోర్‌ను కలిశాడు. ఇద్దరూ ట్రామ్ ఎక్కి మాటల్లో పడి, దిగాల్సిన స్టాప్ దాటిపోయారు. వెనక్కి వచ్చే ట్రామ్ ఎక్కారు, మళ్లీ దాటిపోయారు. జనం మమ్మల్ని చూసి ఏమనుకున్నారో ఏమో అని బోర్ తరవాత చెప్పుకున్నాడు.