పాత ఇనుము కొనేముందు అడగాల్సిన ప్రశ్న: ఈ ముక్క ఇంతకుముందు ఏం పని చేసింది?

నమస్తే అండి. ఇంట్లో చిన్న కొలిమి పెట్టుకోవాలనుకునే వాళ్ళ దగ్గర్నుంచి నాకు మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇల్లు కట్టగా మిగిలిన 12 ఎంఎం కడ్డీ ఉంది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది కదా, కత్తి చేసుకోవచ్చా?"

కుదరదు. ఎంత కాల్చినా, ఎన్నిసార్లు ముంచినా ఆ కడ్డీకి పదును నిలవదు. ఏ ఇనుమైనా కాల్చి ముంచితే గట్టిపడుతుందనే ఈ నమ్మకం నన్ను నిజంగా బాధపెడుతోంది. కుర్రాళ్ళు రోజంతా సుత్తి కొట్టి, చివరికి టమాటా కూడా తెగని కత్తి చేత్తో పట్టుకుని, "ఈ పని మనకు రాదులే" అని వదిలేస్తున్నారు. వాళ్ళ చెయ్యి బాగానే ఉంది. తెచ్చుకున్న ముక్క సరైనది కాదు.

పాకంతో చెబుతాను. చిత్తూరు బెల్లం తిని పెరిగిన వాళ్ళం, మనకు ఇది తేలిక. వేరుశనగ ఉండలు చుట్టేముందు ఇంట్లో ఏం చేస్తారు? పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, ఒక చుక్క పాకం అందులో వేసి చూస్తారు. పాకం లేతగా ఉంటే ఎన్ని చన్నీళ్ళలో వేసినా గట్టిపడదు, జారిపోతుంది. ఉండపాకం అయితే వేలికి గట్టిగా తగులుతుంది. బాగా ముదిరితే టక్కున విరుగుతుంది. ఇనుములో ఆ ముదురు అంటే కార్బన్. తేడా ఒక్కటే: పాకాన్ని పొయ్యి మీద ఇంకాసేపు ఉంచి ముదర్చొచ్చు, మన కొలిమిలో కార్బన్ అలా పెరగదు. ఫ్యాక్టరీలో ఎంత వేశారో అంతే.

ఇప్పుడు మీ కడ్డీ సంగతి. ఐఎస్ 1786 అనే భారత ప్రమాణం ప్రకారం, ఇళ్ళకు వాడే ఎఫ్ఈ 500 రకం టీఎంటీ కడ్డీలో కార్బన్ 0.30 శాతం దాటకూడదు. అంటే లేత పాకం. మరి కడ్డీ గట్టిగానే ఉంటుంది కదా అంటారా? మిల్లులోనే నీళ్ళు కొట్టి దాని పైపొరను గట్టిపరుస్తారు. మీరు కొలిమిలో పెట్టి ఎర్రగా చేయగానే ఆ పొర గట్టిదనం పోతుంది. దాన్ని పారేయమని నేను చెప్పడం లేదు. కొక్కేలు, తలుపు గొళ్ళేలు, గరిటె కాడలు చేసుకోండి, సుత్తి అలవాటు కావడానికి బాగుంటుంది. కత్తికి మాత్రం వద్దు.

గుజిరీ అంగడికి, అంటే పాత ఇనుము కొట్టుకు వెళ్ళినప్పుడు మెరుపు చూడకండి, బరువు చూడకండి. "అన్నా, ఇది దేంట్లోంచి తీసింది?" అని అడగండి. రోజంతా బరువు కింద వంగి మళ్ళీ లేచిన ముక్క స్ప్రింగ్ స్టీల్. ఇంకో లోహాన్ని గీసి అరగదీసిన ముక్కలో కార్బన్ బాగా ఉంటుంది. ఊరికే బరువు మోస్తూ నిలబడ్డ యాంగిల్, చానెల్, గ్రిల్ ముక్కలు మామూలు మెత్తటి ఇనుము.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లారీ కమాన్ పట్టీ, అంటే లారీ బరువు మోసే స్ప్రింగ్ పలక. కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం చుట్టూ ఉంటుంది. పాకం లెక్కలో చెప్పాలంటే సరైన ఉండపాకం: గట్టిపడుతుంది, అలాగని గాజులా పగలదు. పల్లెల్లో కమ్మరి ఆచార్లు మచ్చు కత్తి చేయాలంటే ఈ పట్టీనే ఎందుకు వెతుకుతారో ఇప్పుడు అర్థమవుతుంది. వాళ్ళు కార్బన్ శాతం పుస్తకంలో చూసుకోలేదు, చేతికి తెలిసింది. ఆ చేతికి నేను చాలా గౌరవం ఇస్తాను.

కానీ కమాన్ పట్టీ అంగడికి ఎందుకు వచ్చింది? చాలాసార్లు విరిగో, పగులు పట్టో వచ్చి ఉంటుంది. ఆ పగులు కంటికి కనిపించదు.

(దగ్గరి షాట్: మధ్య బోల్టు రంధ్రం చుట్టూ ఉన్న భాగం)

ఇక్కడ చూడండి. ముందు వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చాను. మధ్య బోల్టు రంధ్రం దగ్గర, చివర గుండ్రంగా చుట్టిన కన్ను దగ్గర కిరసనాయిలు పూసి కాసేపు వదిలేయండి. తర్వాత పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దముక్క రుద్దండి. ఇదిగో, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత మెల్లగా పైకి వస్తోంది. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు అది. ఈ గీత ఉన్న భాగం కత్తిలోకి వస్తే, ఎంత బాగా సాగదీసినా చివర్లో నూనెలో ముంచగానే చీలిపోతుంది. గీత నుంచి బాగా దూరంగా కోసి, మిగతాది వాడుకోండి.

మన జిల్లాల్లో ఇంకో మంచి సరుకు ఉంది, చాలామంది పట్టించుకోరు. గ్రానైట్ క్వారీల్లో వాడి పారేసిన డ్రిల్లు రాడ్లు. ఆరు పలకలుగా, మధ్యలో సన్నటి బొక్కతో ఉంటాయి. రాయి మీద దెబ్బలు తినడానికే చేసిన ఉక్కు, కాబట్టి ఉలి, పంచి లాంటి పనిముట్లకు చక్కగా ఉంటుంది. బొక్కలో మట్టి, గ్రీజు ఉంటే పూర్తిగా శుభ్రం చేశాకే కొలిమిలో పెట్టండి. రెండు వైపులా మూసుకుపోయిన గొట్టం ఏదైనా వేడికి పేలుతుంది. పాత షాక్ అబ్జార్బర్లు కూడా అంతే. వాటి స్ప్రింగ్ తీసుకోండి, గొట్టం జోలికి పోకండి.

అరిగిపోయిన ఆకురాళ్ళలో, అంటే లోహాన్ని అరగదీసే ఫైళ్ళలో, కార్బన్ 1 శాతం చుట్టూ ఉంటుంది, బేరింగుల్లోనూ అంతే. ఇవి ముదురు పాకం. పదును అద్భుతంగా వస్తుంది, పొరపాటున ఎక్కువ వేడి చేసినా, చల్లారాక కొట్టినా విరుగుతాయి. కొత్తవాళ్ళు కమాన్ పట్టీతోనే మొదలుపెట్టండి. ఇక పోత ఇనుము, అంటే పాత పంపుసెట్టు బాడీలు, తూకం రాళ్ళు. అందులో కార్బన్ 2 శాతం పైనే. పాకం ముదిరి ముదిరి గిన్నెకు అతుక్కుని, తట్టగానే ముక్కలయ్యే దశ అది. సుత్తి కింద పెట్టకండి.

ఏ ముక్క ఏమిటో అంగడి ఆయనకు కూడా తెలియకపోతే గ్రైండర్ ఆన్ చేయండి. ఒక మామూలు మేకు, ఒక పాత ఆకురాయి పక్కన పెట్టుకుని మూడింటినీ వరసగా తాకించండి. మెత్తటి ఇనుము నిప్పురవ్వలు పొడుగ్గా, చీలికలు తక్కువగా పోతాయి. ఆకురాయి రవ్వలు దగ్గర్లోనే గుబురుగా పగిలిపోతాయి. కమాన్ పట్టీ ఆ రెంటికీ మధ్యలో. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. గుర్తుపెట్టుకుని పోల్చొద్దు, పక్కపక్కనే చూడండి.

ఇంకా అనుమానం ఉంటే పాకం చుక్క పరీక్షే. బొటనవేలంత ముక్క కోసి, అయస్కాంతం అంటుకోవడం మానేసేంత వరకు కాల్చండి. అది సుమారు 770 డిగ్రీల దగ్గర జరుగుతుంది. ఇంకొంచెం కాల్చి ముంచండి. చల్లారాక ఆకురాయితో గీయండి. జారిపోతే గట్టిపడినట్టు. కొరికితే అది లేత పాకం, కొక్కేలకు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన విషయం. మన దగ్గర బోర్లు లేని ఊరు లేదు, ఎండిన బోర్లలోంచి లాగిన జీఐ పైపులు ప్రతి పాత ఇనుము అంగట్లోనూ గుట్టలుగా ఉంటాయి. చవక, పొడుగు, చూడ్డానికి నీటు. ఆ పైపు మీద ఉన్న తెల్లటి పూత జింకు. అది 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, కొలిమి అంతకంటే చాలా వేడి. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు. సాయంత్రం పని చేసి, రాత్రి వణుకుతూ "వైరల్ ఫీవర్ ఏమో" అనుకుంటారు. జీఐ పైపు నిప్పులోకి వద్దు. తళతళలాడే క్రోమ్ పూత ఉన్నవి కూడా వద్దు.

ఇక దాగలి, అంటే కాల్చిన ముక్కను పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ గురించి. రైలు పట్టా ముక్క మంచి దాగలి అవుతుంది, నిజమే. 52 కేజీల పట్టా అంటే మీటరుకు 52 కిలోలు. ముక్కను పడుకోబెట్టకుండా నిలువుగా నిలబెట్టి పాతితే దెబ్బ కింద బరువంతా నేరుగా ఉంటుంది, సుత్తి బాగా ఎగురుతుంది. కానీ రేణిగుంట పక్కనే ఉన్నాం కదా, ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే అనుకోకండి. రైల్వే తన పాత ఇనుమును వేలంలో అమ్ముతుంది, అలా కొన్నవాళ్ళ దగ్గర కాగితం ఉంటుంది. కాగితం లేని ముక్క మీ ఇంట్లో ఉండి, అది రైల్వే నుంచి పోయిందని అనుమానం వస్తే, సక్రమంగానే వచ్చిందని చూపించుకోవాల్సింది మీరే. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడంపై ఉన్న 1966 చట్టం కింద మొదటిసారికే 5 ఏళ్ళ వరకు జైలు పడొచ్చు. బిల్లు ఇవ్వనంటే వదిలేయండి. లారీ యాక్సిల్ ముక్క, జేసీబీ బకెట్ పిన్ను నిలువుగా పాతినా మొదటి దాగలికి సరిపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. కొలిమికి లారీ బ్రేక్ డ్రమ్. పోత ఇనుమే, అయినా ఇక్కడ దెబ్బలు తినదు కాబట్టి పర్లేదు. అడుగున గాలి గొట్టానికి జింకు పూత లేని నల్ల పైపు వాడండి, జీఐ కాదు. గాలికి చేత్తో తిప్పే బ్లోయర్ పాత సామాన్లలో దొరికితే వదలకండి. బొగ్గు సర్కారు తుమ్మది చాలు. మూసిన గదిలో మాత్రం కొలిమి పెట్టొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కమాన్ పట్టీని నీళ్ళలో ముంచితే పగలొచ్చు, గోరువెచ్చటి వేరుశనగ నూనెలో ముంచండి. పాత ఇంజనాయిల్ వద్దు, ఆ పొగ మంచిది కాదు. నూనె ఇనుప డబ్బాలో, పక్కనే మూత. ముంచిన కత్తి పెళుసుగా ఉంటుంది, అదే రోజు ఓటీజీలో, అంటే కరెంటు ఓవెన్‌లో, 200 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి, చల్లార్చి, ఇంకోసారి పెట్టండి.

పట్టకార్లు మీ 12 ఎంఎం కడ్డీతోనే చేసుకోవచ్చు, దాంతో చేయాల్సిన మొదటి పని అదే. ముక్కను బిగించి పట్టుకునే పాత వైస్ కొనేటప్పుడు స్క్రూ మొత్తం తిప్పి చూడండి, మధ్యలో మర అరిగిపోయి ఉంటే ఎంత చవకైనా తీసుకోకండి. పాలిస్టర్ బట్టలు వద్దు, నూలు చొక్కా, కళ్ళద్దాలు, బూట్లు. డ్రమ్ముకు రంధ్రం ఎక్కడ, పైపు ఎంత సైజు అన్నది వచ్చే వీడియోలో కొలతలతో చూపిస్తాను.