సేవ్ అయిందంటుంది, రీఫ్రెష్ చేస్తే పాత సెట్టింగే: ఒక నోడ్ యాప్ కోడ్ రివ్యూ

నమస్కారం అండి. ఈ రోజు రివ్యూకి తీసుకున్నది నోడ్ (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది), ఎక్స్‌ప్రెస్ (దాని మీద వెబ్ సర్వర్ రాసే ఫ్రేమ్‌వర్క్)లతో రాసిన ఒక సెట్టింగ్స్ పేజీ కోడ్. సెట్టింగ్స్‌ని ఇది సర్వర్‌లో ఒక జేసన్ ఫైల్‌లో, అంటే డేటాని టెక్స్ట్‌గా రాసే ఫైల్‌లో దాస్తుంది. సేవ్ నొక్కగానే పచ్చ మెసేజ్ వస్తుంది. పేజీ రీఫ్రెష్ చేస్తే మాత్రం పాత విలువే. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా ఫైల్ రాసే ఫంక్షన్ మీద పడతారు. ముందు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, మళ్లీ సేవ్ చేయండి.

చూడండి, పుట్ రిక్వెస్ట్ (విలువను మార్చమని సర్వర్‌కి పంపేది) వెళ్లింది, స్టేటస్ 200, అంటే సక్సెస్. పేలోడ్‌లో, అంటే పంపిన డేటాలో, కొత్త విలువ ఉంది. ఇప్పుడు హెడర్స్‌లో కంటెంట్ టైప్ (పంపిన డేటా ఏ రకమో చెప్పేది) చూడండి: టెక్స్ట్ ప్లెయిన్. అసలు చిక్కు ఇదే. రిక్వెస్ట్ పంపే ఫెచ్ ఫంక్షన్‌కి బాడీని (అంటే ఆ డేటాని) స్ట్రింగ్‌గా ఇచ్చి హెడర్ రాయకపోతే బ్రౌజర్ వేసేది అదే. ఎక్స్‌ప్రెస్‌లోని జేసన్ మిడిల్‌వేరేమో (మన కోడ్ కంటే ముందు రిక్వెస్ట్‌ని చదివే భాగం) అప్లికేషన్ జేసన్ అని ఉంటేనే బాడీని చదువుతుంది. లేకపోతే ఎర్రర్ కూడా ఇవ్వకుండా వదిలేస్తుంది. ఎక్స్‌ప్రెస్ వెర్షన్ 4లో బాడీ ఖాళీ ఆబ్జెక్ట్‌గా మిగులుతుంది, 5లో అన్‌డిఫైన్డ్. ఈ యాప్ వెర్షన్ 4. ఆ ఖాళీ ఆబ్జెక్ట్‌ని పాత సెట్టింగ్స్‌తో మెర్జ్ చేసి (కలిపి), పాతవే మళ్లీ ఫైల్లో రాసి, 200 పంపేస్తోంది. ఫెచ్‌లో హెడర్ చేర్చండి. బాడీ ఖాళీగా వస్తే 400 (రిక్వెస్ట్ తప్పు అనే స్టేటస్) పంపే చెక్ కూడా పెట్టండి, అది తప్పనిసరి.

ఆ మెర్జ్‌తోనే ఇంకో తంటా ఉంది. టిక్ తీసేసిన చెక్‌బాక్స్‌ని ఫారం డేటా అసలు పంపదు. కాబట్టి పాత ట్రూ అలాగే ఉండిపోతుంది, యూజర్ ఆ ఆప్షన్‌ని ఎన్నిసార్లు ఆఫ్ చేసినా ఆన్‌లోనే ఉంటుంది. ప్రతి చెక్‌బాక్స్ చెక్డ్ విలువను మీరే చదివి ట్రూ లేదా ఫాల్స్‌గా పంపండి. ఫాల్స్‌ని స్ట్రింగ్‌గా పంపితే జావాస్క్రిప్ట్ దాన్ని ట్రూగానే లెక్కిస్తుంది, జాగ్రత్త.

ఇక ఫైల్ రాసే భాగం. ప్రామిస్ (పని తర్వాత పూర్తవుతుందనే హామీ) ఇచ్చే రైట్‌ఫైల్ ముందు అవెయిట్ లేదు, అంటే రాయడం పూర్తయ్యేదాకా కోడ్ ఆగదు. డిస్క్ మీద రాయడం విఫలమైనా యూజర్‌కి సక్సెస్ వెళ్లిపోతుంది. పైగా ఆ ఎర్రర్‌ని ఎవరూ క్యాచ్ చేయకపోతే నోడ్ 15 నుంచి ప్రాసెస్సే ఆగిపోతుంది. అవెయిట్ పెట్టి, ట్రై క్యాచ్‌లో ఉంచి, లాగ్ చూడండి. పర్మిషన్ డినైడ్ అని వస్తే, యాప్ ఏ యూజర్ కింద నడుస్తోందో ఆ యూజర్‌కే ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఇవ్వండి. 777 (అందరికీ అన్ని హక్కులు) ఇస్తే ఆ సర్వర్‌లోని ఏ యూజరైనా మీ సెట్టింగ్స్ మార్చగలడు. అసలు ఫైల్ మీద నేరుగా రాయకండి. అదే ఫోల్డర్‌లో టెంప్ ఫైల్ రాసి, తర్వాత పేరు మార్చండి. మధ్యలో యాప్ ఆగినా సగం జేసన్ మిగలదు.

నోడ్‌మన్ (ఫైల్ మారగానే యాప్‌ని రీస్టార్ట్ చేసే టూల్) వాడుతుంటే సేవ్ చేసిన ప్రతిసారీ యాప్ రీస్టార్ట్ అవుతుంది, ఎందుకంటే అది జేసన్ ఫైళ్లనూ గమనిస్తుంది. సెట్టింగ్స్ ఫైల్‌ని దాని ఇగ్నోర్ లిస్టులో పెట్టండి.

ఒకే ప్రాసెస్ ఉన్నంతవరకు ఈ కోడ్ ఈ మార్పులతో బాగానే నిలబడుతుంది. రెండు ప్రాసెస్‌లు నడిపితే మాత్రం ఒకటి సేవ్ చేసింది రెండోదాని మెమరీలోకి రాదు, అప్పుడు సెట్టింగ్స్‌ని డేటాబేస్ టేబుల్‌కి మార్చి, రెండూ అక్కడి నుంచే చదివేలా చేయడం మేలు.