అటక మీద గొడ్డలి

శ్రోతలకు నమస్కారం.

2005 ఆగస్టు 29, సోమవారం. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్. కత్రినా తుఫాను తెల్లవారుజామున తీరం దాటింది. చాలామంది గండం గడిచిందనుకున్నారు. గండం గడవలేదు, గండి పడింది. ఒక్కటి కాదు, కరకట్టలూ కాలువ గోడలూ కలిపి యాభైకి పైగా చోట్ల. గిన్నెలాంటి ఊరది, చాలా భాగం సముద్రమట్టానికి కిందే. నూటికి ఎనభై వంతులు మునిగింది.

17వ వీధి కాలువ గోడ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నీళ్లు ఆ గోడ మీదుగా పొర్లనే లేదు. అడుగున మెత్తటి బంకమన్ను, అందులో దిగ్గొట్టిన ఉక్కు రేకులు చాలినంత లోతుకు దిగలేదు. గోడ నిలువునా పక్కకు జరిగిపోయింది. తుఫానును ఎవరూ ఆపలేరు సరే, ఈ లెక్క తప్పింది మాత్రం ఇంజినీర్లే.

ఇక గొడ్డలి కథ. అక్కడి ఇళ్లకు మనలా డాబాలుండవు. వాలు కప్పు, దాని కింద అటక. నీళ్లు తరుముకొస్తుంటే జనం అటకెక్కారు. కిటికీ లేదు, ఆగస్టు ఉక్క, చీకటి. కింద నీళ్లు, పైన కప్పు. బయటపడాలంటే కప్పు పగలగొట్టాలి. 1965లో బెట్సీ తుఫానుకు ఇలాగే మునిగిన పేటల్లో పెద్దవాళ్లు ఒకటే చెప్పేవారు: అటక మీద గొడ్డలి ఉంచుకోండి. అటక మీద గొడ్డలి! మనం అటకెక్కించామంటే మరిచిపోయామని అర్థం. వాళ్లు మరిచిపోకూడదని ఎక్కించారు. గొడ్డలి ఉన్నవాళ్లు కప్పుకు కన్నం చేసుకుని పైకొచ్చి, పడవలకు చేతులూపారు. లేనివాళ్లలో కొందరి శవాలు తర్వాత అటకల్లో దొరికాయి.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు జనం మేడలెక్కి, డాబాలెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. అప్పుడే నాకు ఒక అనుమానం వచ్చింది. మా అపార్ట్‌మెంట్ డాబా తలుపుకు ఎప్పుడూ తాళమే, పిల్లలు ఎక్కుతారని. తాళంచెవి ఎక్కడుందని అడిగితే వాచ్‌మన్ దగ్గరన్నారు. వాచ్‌మన్ ఎక్కడంటే, పండక్కి ఊరెళ్లాడు.

మీ డాబా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ పూటే కనుక్కోండి. మేము ఇంకొకటి చేయించి, పై అంతస్తు మెట్ల దగ్గర మేకుకు తగిలించాం. అరవై రూపాయలైంది.