కడుపులో బిడ్డకీ పొగ తగులుతుంది

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, వెనక వరసలో కూర్చున్న రైతు సోదరులకు నమస్కారం. నేను చెప్పేది గర్భిణుల గురించే. కానీ ఎక్కువగా మాట్లాడాల్సింది ఆ వెనక వరసతోనే.

మన కోనసీమ పచ్చదనం చూసి ఇక్కడి గాలికేం ఢోకా లేదనుకుంటాం. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక, మిషన్ వదిలేసిన గడ్డికి నిప్పు పెట్టే రోజులు మాత్రం వేరు. చలికాలం సాయంత్రాలు గాలి కదలదు. పొగ పైకి పోకుండా మంచులో కలిసి ఊరి మీదే పరుచుకుంటుంది. ఎనిమిదో నెల అమ్మాయి తలుపులు వేసుకుని కూర్చున్నా సందుల్లోంచి లోపలికొస్తుంది.

ఆ పొగలో 2.5 మైక్రాన్ల కంటే సన్నటి నలుసులుంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటిలో మరీ సన్నటివి ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలుస్తాయి. 2019లో బెల్జియం శాస్త్రవేత్తలు కాన్పయ్యాక మాయను పరీక్షిస్తే బిడ్డ వైపు కూడా మసి నలుసులు కనిపించాయి. 2022లో వచ్చిన మరో పరిశోధనలో, ఇంకా పుట్టని పిల్లల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా ఉన్నాయని తేలింది. ఆ తల్లులు సిగరెట్ ముట్టినవాళ్లు కాదు.

జబ్బులతో పోరాడే కణాలు బిడ్డకు కడుపులోనే తయారవడం మొదలవుతుంది. జబ్బుల్ని అడ్డుకునే తల్లి యాంటీబాడీలు ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే మాయ దాటి బిడ్డకు చేరతాయి. చెక్ దేశంలో జరిగిన ఒక పరిశోధన 2005లో అచ్చయింది. కాన్పుకు ముందు రెండు వారాల్లో గాలి బాగా చెడిపోయి ఉంటే, బొడ్డుతాడు రక్తంలో, జబ్బులతో పోరాడే ఆ కణాల్లోనే టీ కణాలనే రకం వాటా తగ్గి, బీ కణాలనే రకం వాటా పెరిగినట్టు అందులో గమనించారు. అలాంటి ప్రతి బిడ్డా జబ్బుపడుతుందని దీని అర్థం కాదు, టెన్షన్ పడకండి. కానీ రెండు వారాలంటే ఎంత? మన కోతల రోజులు తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

ఇంటి లోపలి సంగతీ చూడాలి. మూసిన గదిలో ఒక్క దోమల చక్రం కాలితే వచ్చే సన్నటి నలుసులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంత అని 2003లోనే లెక్కగట్టారు. చెరువులు, కాలవల మధ్య దోమలు తప్పవు కాబట్టి దోమతెర కట్టండి. పసిబిడ్డకు నీళ్లు పోశాక వేసే సాంబ్రాణి ధూపం కూడా పొగే. అత్తగార్లు ప్రేమతోనే వేస్తారు, కాదనను. తల ఆరడానికి మెత్తటి పొడి గుడ్డ చాలు.

ఇక రైతు సోదరులారా, దాళ్వా (రెండో పంట వరి) నాట్లకు టైమ్ చాలదు, గడ్డి తీయడానికి కూలీలు దొరకరు అంటారు. నిజమే. ఒక్కొక్కరుగా అయితే కష్టమే. నలుగురు కలిసి గడ్డి కట్టలు కట్టే మిషన్ పిలిపించుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, గడ్డి పశువులకు పనికొస్తుంది. అది కుదరకపోతే నాట్ల ముందు పొలం దమ్ము చేసేటప్పుడు గడ్డిని బురదలో కలిపేయండి. ఎవరింట్లో ఆడపిల్లకు నెలలు నిండుతున్నాయో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల గాలిని మార్చుకోలేదు, పుట్టింటి నుంచి వేరే ఊరికి పోలేదు. మీ చేతిలోని అగ్గిపుల్ల మాత్రం ఆగగలదు.

బిడ్డ పుట్టాక ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల న్యుమోనియా టీకా మరవకండి. దగ్గుతో ఉన్న పసిబిడ్డ ఊపిరిని నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆపైన ఏడాది లోపు బిడ్డకు 50, లేదా అంతకు మించి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.