కొనేవాడికి తెలుసు: కాడిలాక్ పేరు వచ్చిన తీరు, పోయిన తీరు

సభలోని పెద్దలకు, మెకానికల్ విద్యార్థులకు నమస్కారం.

అమెరికా లగ్జరీ కార్ల కంపెనీ కాడిలాక్ గురించి మాట్లాడమన్నారు. ఏ సంవత్సరం ఏ మోడల్ వచ్చిందో వరసగా చదివి వినిపిస్తే గంట గడిచిపోతుంది, మీకు మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ఒక్క విషయం మీదే ఉంటాను. నూట ఇరవై ఏళ్లు దాటిన ఈ కంపెనీ కొనేవాణ్ణి ఎప్పుడు గౌరవించింది, ఎప్పుడు అమాయకుడనుకుంది? దాని పేరు పెరగడం, పడిపోవడం నాకు ఆ లెక్కలోనే కనిపిస్తాయి.

1908 ఫిబ్రవరి చివర్లో ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్ దగ్గర ఒక పరీక్ష మొదలైంది. పెట్టింది అక్కడి రాయల్ ఆటోమొబైల్ క్లబ్. ఒప్పుకుని ముందుకొచ్చింది బ్రిటన్‌లో కాడిలాక్ కార్లు అమ్మే ఫ్రెడరిక్ బెన్నెట్. అతని స్టాక్‌లోంచి మూడు కార్లను క్లబ్ వాళ్లే ఎంచుకున్నారు. ట్రాక్ మీద కాసేపు నడిపారు. తర్వాత షెడ్డులో పెట్టి నట్టు నట్టు ఊడదీశారు. ఒక్కో కారులో ఏడొందల పైచిలుకు భాగాలు. మూడింటివీ ఒకే కుప్పగా కలిపేశారు. అందులోంచి 89 భాగాలు పక్కన పెట్టి, వాటి బదులు బెన్నెట్ స్టోర్‌లో ఉన్న కొత్తవి తెచ్చి కలిపారు. ఇక మెకానిక్‌లను పిలిచి, రెంచీలు, స్క్రూడ్రైవర్ల లాంటి మామూలు పనిముట్లతోనే మూడు కార్లు బిగించమన్నారు. ఏ భాగాన్నీ ఆకురాయితో రాయకూడదు.

బిగించారు. ఒక కారు ఫెండర్, అంటే చక్రం మీది రేకు, ఇంకో కారుకు చేరి రంగులు కలగాపులగం అయ్యాయి గానీ ఇంజిన్లు మాత్రం స్టార్ట్ అయ్యాయి. మూడూ ట్రాక్ మీద 500 మైళ్లు పరిగెత్తాయి. ఆ క్లబ్ ఇచ్చే డ్యూయర్ ట్రోఫీ ఒక అమెరికన్ కారుకు రావడం అదే మొదటిసారి.

ఇందులో గొప్పేముంది అని ఇవాళ మనకు అనిపించవచ్చు. స్కూటర్ క్లచ్ కేబుల్ తెగితే షాపుకెళ్లి కొత్తది తెచ్చి వేసుకుంటాం. ఆ రోజుల్లో అలా కుదిరేది కాదు. యూరప్‌లో పేరున్న కార్లలో కూడా ప్రతి భాగాన్నీ పనివాడు చేత్తో అరగదీసి, ఆ ఒక్క కారుకు సరిపోయేలా కూర్చేవాడు. పక్క కారులోంచి తీసిన పిస్టన్ దీనికి పట్టేది కాదు. చేతిపనిలో అందం ఉంది, కాదనను. కానీ బండి ఆగిపోతే యజమాని మళ్లీ ఆ పనివాడి దగ్గరికే వెళ్లాలి. కాడిలాక్ ఆ అవసరం లేకుండా చేసింది. అప్పటికి అవి ఒక్క సిలిండర్ కార్లు. ఖరీదైనవాటిలో లెక్క కూడా కాదు. లగ్జరీ అనే పేరు రాకముందే ఖచ్చితత్వం అనే పేరు వచ్చిందన్నమాట.

ఆ ఖచ్చితత్వం హెన్రీ లీలాండ్‌ది. 1843లో వెర్మాంట్‌లో పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధం నాటి తుపాకుల కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. తుపాకీ భాగాలు ఒకదాని బదులు ఇంకొకటి పట్టాలి, లేకపోతే యుద్ధభూమిలో సిపాయి చేతిలో పనికిరాని ఇనుము మిగులుతుంది. తర్వాత బ్రౌన్ అండ్ షార్ప్ అనే కొలత పరికరాల కంపెనీలో చేశాడు. అంగుళంలో వెయ్యో వంతు తేడాను కూడా ఒప్పుకోని చోటది. డెట్రాయిట్‌కు వచ్చి సొంత మెషీన్ షాపు పెట్టుకున్నాడు.

కాడిలాక్ పుట్టడం వెనక హెన్రీ ఫోర్డ్ కూడా ఉన్నాడు. 1902లో పెట్టుబడిదారులతో పడక, తన పేరున్న కంపెనీ నుంచే ఫోర్డ్ బయటికి వెళ్లిపోయాడు. మిగిలిన ఆస్తులకు విలువ కట్టి అమ్మిపెట్టమని వాళ్లు లీలాండ్‌ను పిలిచారు. అమ్మొద్దు, నా దగ్గర మంచి ఇంజిన్ ఉంది, కార్లు చేయండి అని ఆయన సలహా ఇచ్చాడు. డెట్రాయిట్ ఊరిని 1701లో స్థాపించిన ఫ్రెంచి అధికారి పేరు కంపెనీకి పెట్టారు. 1909లో జనరల్ మోటార్స్ దాన్ని కొనేసింది, నడిపే పని మాత్రం లీలాండ్‌కే వదిలింది.

1912 మోడల్‌లో కాడిలాక్ ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టింది. మనం రోజూ సెల్ఫ్ కొట్టడం అంటాం కదా, పెద్ద ఎత్తున తయారైన కార్లలో అది అక్కడే మొదలు. అంతకుముందు ముందువైపు హ్యాండిల్ తిప్పాలి. ఇంజిన్ ఎదురు తన్నితే చెయ్యి విరిగేది, ఒక్కోసారి దవడ పగిలేది. లీలాండ్ స్నేహితుడు, కార్ల తయారీదారు బైరన్ కార్టర్ అలాంటి దెబ్బ తగిలి చనిపోయాడని, ఆ బాధతోనే లీలాండ్ స్టార్టర్ కోసం పట్టుబట్టాడని చెబుతారు. దాన్ని సాధించింది ఒహాయోలోని డేటన్ ఊరికి చెందిన చార్లెస్ కెటరింగ్. దుకాణాల్లో డబ్బులు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్‌కు చిన్న మోటార్ అమర్చిన అనుభవం ఆయనకు ఉంది. మోటార్ నిరంతరం తిరగక్కర్లేదు, రెండు మూడు క్షణాలు గట్టిగా లాగితే చాలు అన్న సంగతి అక్కడే పట్టుకున్నాడు. స్టార్టర్, లైట్లు, ఇగ్నిషన్ అన్నీ ఒకే విద్యుత్ వ్యవస్థలోకి వచ్చాయి. రెండో డ్యూయర్ ట్రోఫీ దీనికే. కారు నడపాలంటే కండబలం ఉండాలన్న షరతు పోయింది. ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు ఒంటరిగా బండి తీయగలిగారు. కాడిలాక్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఎందరి ఎముకలు విరక్కుండా కాపాడిందో ఆలోచించండి.

1915 మోడల్‌కు వి-8 ఇంజిన్, అంటే ఎనిమిది సిలిండర్లను ఇంగ్లిష్ V ఆకారంలో పేర్చింది, వచ్చింది. 1917లో లీలాండ్ జనరల్ మోటార్స్‌తో విభేదించి వెళ్లిపోయి, డెబ్బై దాటిన వయసులో ఇంకో కంపెనీ పెట్టాడు. దాని పేరు లింకన్. అమెరికా లగ్జరీ కార్లలో దశాబ్దాల పాటు పోటీపడిన రెండు పేర్లూ ఒకే మనిషి చేతిలో పుట్టాయి.

1930 జనవరిలో కాడిలాక్ పదహారు సిలిండర్ల కారు విడుదల చేసింది. స్టాక్ మార్కెట్ కూలి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. ఆ ఇంజిన్ అద్భుతం, దాని కాలం మాత్రం అధ్వానం. మహామాంద్యంలో అమ్మకాలు ఎంత పడిపోయాయంటే, ఈ బ్రాండ్‌ను మూసేయాలా అని జనరల్ మోటార్స్ పెద్దలు ఆలోచించారు.

ఇక్కడ కాస్త ఆగాలి. నల్లవాళ్లకు కాడిలాక్ అమ్మకూడదన్నది అప్పటి కంపెనీ విధానం. తెల్లవాళ్ల హోదాకు గుర్తుగా నిలవాల్సిన కారు వాళ్లకు అమ్మితే విలువ తగ్గుతుందని భయం. నికొలస్ డ్రైస్టాట్ అనే సర్వీస్ విభాగం అధికారి వర్క్‌షాపుల్లో వేరే దృశ్యం చూశాడు. రిపేరుకు కార్లు తెస్తున్నవాళ్లలో నల్లజాతి డాక్టర్లు, వ్యాపారులు, బాక్సర్లు, గాయకులు చాలామంది ఉన్నారు. షోరూమ్‌లో తమకు అమ్మరు కాబట్టి, ఒక తెల్లవాడికి డబ్బిచ్చి అతని పేరు మీద కొనిపించుకున్నారు. డ్రైస్టాట్ పెద్దల దగ్గరికి వెళ్లి, ఆ దళారికి పోయే డబ్బు మనకే వస్తుంది, నేరుగా అమ్ముదాం అన్నాడు. ఒప్పుకున్నారు. అమ్మకాలు కోలుకున్నాయి. 1934లో డ్రైస్టాట్ కాడిలాక్‌కు అధిపతి అయ్యాడు.

దీన్ని చాలామంది మార్కెటింగ్ తెలివిగా చెప్పుకుంటారు. నాకు అంతకంటే పెద్ద విషయం కనిపిస్తుంది. ఆ కొనుగోలుదారులకు మంచి పేటల్లో ఇల్లు అమ్మేవారు కాదు, మంచి హోటల్లో గది ఇచ్చేవారు కాదు. సంపాదించిన డబ్బుతో గౌరవంగా కొనుక్కోగల కొద్ది వస్తువుల్లో కారు ఒకటి. తమను గుమ్మంలోకి రానివ్వని కంపెనీ కారును, దాని పనితనం తెలుసుకుని, ఎక్కువ డబ్బు పోసి కొన్నారు. కాడిలాక్ పేరును బతికించింది వాళ్లు. ఆ రుణం గురించి కంపెనీ చరిత్రల్లో ఇంకా చాలా రాయాలి.

యుద్ధం తర్వాతి వైభవం మీకు సినిమాల్లో పరిచయమే. 1948లో తోక రెక్కలు వచ్చాయి, డిజైన్ అధిపతి హార్లీ ఎర్ల్ బృందానికి ఆ ఊహ పి-38 యుద్ధ విమానం నుంచి వచ్చింది. 1959 నాటికి ఆ రెక్కలు ఆకాశానికి అంటాయి. ఎల్విస్ ప్రెస్లీ గులాబీ రంగు కాడిలాక్ లోకప్రసిద్ధం. అయితే రెక్కల కింద సరుకుందని గుర్తుంచుకోండి. 1949లో వచ్చిన కొత్త వి-8 ఇంజిన్ ఎంత గట్టిదంటే, 1950లో ఫ్రాన్స్‌లో లే మాన్ 24 గంటల రేసులో దిగిన రెండు కాడిలాక్‌లు 10, 11 స్థానాల్లో ముగించాయి.

1970ల చివరికి ఏడాదికి మూడున్నర లక్షలకు పైగా అమ్ముడయ్యేవి. పతనం అప్పుడే మొదలైంది. చమురు సంక్షోభం, మైలేజీ చట్టం వల్ల తొందరపడ్డారన్నది నిజం. కానీ తొందరలో ఏం చేశారో చూడండి. 1981లో అవసరాన్ని బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడిచే ఇంజిన్ తెచ్చారు. ఆలోచన మంచిదే, ఇవాళ చాలా కార్లలో ఉంది. అప్పటి ఎలక్ట్రానిక్స్‌కు ఆ వేగం చాలలేదు, బండి కుదుపులు పెట్టేది. చివరికి ఆ వ్యవస్థ పనిచేయకుండా వైరు తీయించుకున్నారు యజమానులు. డీజిల్ ఇంజిన్ పెడితే దాని పై భాగాన్ని సీలు చేసే హెడ్ గ్యాస్కెట్లు పోయాయి.

అన్నిటికంటే లోతుగా తగిలిన దెబ్బ 1982 మోడల్ సిమరాన్. జనరల్ మోటార్స్‌లోనే చౌక రకమైన షెవర్లే కావలియర్ తీసుకుని, తోలు సీట్లు వేసి, కాడిలాక్ బిళ్ల తగిలించి, 12 వేల డాలర్లకు అమ్మారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్, 88 హార్స్‌పవర్. తలుపుల ఆకారం, అద్దాల వాలు చూస్తేనే ఎవరికైనా తెలిసిపోయేది. ఇంజిన్ పాడైతే మెకానిక్ మీద, కాలం మీద కోపం వస్తుంది, కొన్నాళ్లకు పోతుంది. వీడికి తెలియదులే అని తన గురించి అనుకున్నారని తెలిస్తే ఆ మనిషి మళ్లీ రాడు. పిల్లల్ని కూడా పంపడు. 1988లో సిమరాన్ ఆపేశారు. మరుసటి ఏడాదే జపాన్ నుంచి లెక్సస్ వచ్చింది. బిఎండబ్ల్యూ, మెర్సిడెస్ అప్పటికే ఉన్నాయి. యువ డాక్టర్లు, లాయర్లు తండ్రుల కారు వైపు చూడలేదు.

1990లో అమెరికా ప్రభుత్వ నాణ్యతా పురస్కారం మాల్కమ్ బాల్డ్రిజ్ అవార్డు కాడిలాక్‌కు దక్కింది. కర్మాగారాల్లో పని నిజంగానే మెరుగుపడింది. జనం మాత్రం నమ్మలేదు. నాణ్యత తిరిగి తేవడానికి కొన్నేళ్లు చాలు, నమ్మకానికి ఒక తరం పడుతుంది. ఇంకో మచ్చ 1998లో పడింది. ఆ ఏడాది లగ్జరీ అమ్మకాల్లో లింకన్‌ను కొద్ది తేడాతో దాటామని ప్రకటించి, 1999లో లెక్కలు ఎక్కువ చూపామని జనరల్ మోటార్స్ ఒప్పుకోవాల్సి వచ్చింది. బ్రూక్‌లాండ్స్‌లో అంగుళంలో వెయ్యో వంతుకు లెక్క చెప్పిన పేరది!

మీలో ఎవరైనా ఇప్పుడు నన్ను నిలదీయాలి. 1999 మోడల్ ఎస్కలేడ్ అనే పెద్ద ఎస్‌యువి కూడా జనరల్ మోటార్స్‌లోనే ఉన్న జిఎంసి బ్రాండ్ బండికి బిళ్ల మార్చి హడావుడిగా తెచ్చిందే కదా, అదెలా గెలిచింది అని. న్యాయమైన ప్రశ్న. మొదటి ఎస్కలేడ్ పెద్దగా మెప్పించలేదు. రెండో తరంలో దానికంటూ రూపం, బలమైన ఇంజిన్ ఇచ్చారు. అదీగాక, పెద్ద ట్రక్కు కావాలనుకున్నవాడికి పెద్ద ట్రక్కే దొరికింది. క్రీడాకారులు, హిప్‌హాప్ గాయకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఒకప్పుడు షోరూమ్ గుమ్మం దగ్గర ఆపిన సమాజమే రెండోసారి కూడా ఈ బ్రాండ్‌ను నిలబెట్టిందని నేను నమ్ముతాను.

తర్వాత జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద పరీక్షించి సీటీఎస్ కార్లు చేశారు. 2008లో సీటీఎస్-వి అక్కడ ఒక చుట్టును ఎనిమిది నిమిషాల లోపు ముగించింది. కారును ప్రేమించేవాళ్లు మెచ్చారు, అమ్మకాలు మాత్రం జర్మన్ల స్థాయికి చేరలేదు. ఇప్పుడు లిరిక్ లాంటి ఎలక్ట్రిక్ కార్లు, చేత్తో తయారుచేసే మూడు లక్షల డాలర్లకు పైబడిన సెలెస్టిక్, 2026 సీజన్ నుంచి ఫార్ములా వన్ జట్టు ఉన్నాయి.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి కార్ల పరిశ్రమలో పనిచేస్తున్నవాళ్లు వాళ్లలో చాలామంది. ఈ గదిలోని విద్యార్థుల్లో కొందరు రేపు అక్కడికే వెళ్తారు. వెళ్లాక రేసు ఫలితాలు చూడొద్దని చెప్పను, చూడండి. నేనైతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లి అడుగుతాను: ఎనిమిదేళ్ల లిరిక్‌కు బ్యాటరీ మాడ్యూల్ మార్చాలంటే భాగం దొరుకుతుందా, ఎన్నాళ్లకు వస్తుంది, పాత కారుకు సాఫ్ట్‌వేర్ ఇంకా ఇస్తున్నారా, రెండోసారి కొన్న యజమానిని కూడా మొదటివాడిలాగే చూస్తున్నారా? వాటి జవాబులు ఆ కార్లకు వయసు వచ్చాకే తెలుస్తాయి. మీ ప్రశ్నలు ఉంటే ఇప్పుడు అడగండి.