కొలత దొరికాకే వేట

సభలోని పెద్దలకు, నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలకు నమస్కారం.

ఒక సబ్జెక్టు పట్టుకుంటే చచ్చేదాకా అందులోనే ఉండాలని పిల్లలకు నూరిపోస్తుంటాం. ఇదే పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగం శాసనాలు చదివారు, సవర భాషకు నిఘంటువు కట్టారు, వాడుక తెలుగు కోసం పండితులతో తగువుపడ్డారు. ఆయన దారి తప్పారని మనలో ఎవరూ అనరు కదా!

అమెరికాలో ఎడ్వర్డ్ డోయిజీ అనే ఆయన ఉండేవారు. 1893లో పుట్టారు. జీవరసాయన శాస్త్రవేత్త. 1943 నోబెల్ బహుమతి విటమిన్ కె మీద పనికి వచ్చింది. అంతకుముందు ఆయన చేతిలో ఉన్నవి స్త్రీ హార్మోన్లు, ఇన్సులిన్, రక్తంలో ఆమ్లక్షారాల సర్దుబాటు. పైకి చూస్తే పొంతన లేదు. నాకు మాత్రం అన్నిట్లోనూ ఒకటే పని కనిపిస్తుంది. ముందు కొలిచే పద్ధతి సంపాదించడం, ఆ తర్వాతే పదార్థం కోసం వెతకడం.

1923 సంగతి చూడండి. అండాశయంలో ఏదో హార్మోన్ ఉందని అనుమానం, కానీ ఏ సీసాలో ఉందో తేల్చేదెలా? ఎడ్గర్ ఆలెన్, డోయిజీ కలిసి అండాశయాలు తీసేసిన చుంచులకు, ఎలుకలకు పంది అండాశయాల ద్రవం నుంచి తీసిన సారం ఎక్కించారు. యోని నుంచి కణాలు గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూశారు. కణాలు గట్టిపడి పొలుసుల్లా మారితే ఆ సారంలో హార్మోన్ ఉన్నట్టు, మారకపోతే లేనట్టు. అంతే పరీక్ష. అది చేతికొచ్చాక ఎంత చెత్తలోంచైనా వెతకొచ్చు. గర్భిణుల మూత్రంలో ఈ హార్మోన్ దండిగా ఉందని జర్మనీలో 1927లో తేలింది. 1929లో డోయిజీ ఆ మూత్రం నుంచే ఈ హార్మోన్లలో ఒకటైన ఈస్ట్రోన్‌ను స్ఫటికాలుగా తీశారు. అదే ఏడు జర్మనీలో బ్యూటెనాంట్ కూడా విడిగా తీశారు. తర్వాత అదే కోవలోని మరో హార్మోన్ ఈస్ట్రడయోల్ కోసం సుమారు 4 టన్నుల పంది అండాశయాల నుంచి సారం తీస్తే మిగిలింది 12 మిల్లీగ్రాములు! కొలత లేకుండా ఈ పనికి దిగితే పిచ్చివాళ్లనేవారు.

పోషణ దగ్గరకు వద్దాం. కొవ్వు తీసేసిన మేత తిన్న కోడిపిల్లలకు చర్మం కింద రక్తం కారడం డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ గమనించారు. లోపించింది ఏమిటో పట్టుకోవడానికి కోడిపిల్ల రక్తం గడ్డకట్టే సమయమే కొలబద్ద. ఆ లోపించిందే రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె. డోయిజీ బృందం 1939లో దాని రెండు రకాల్లో కె1ను లూసర్న్ గడ్డి నుంచి, కె2ను కుళ్లబెట్టిన చేపల పొడి నుంచి తీసింది. కుళ్లు ఎందుకంటే, కె2ను తయారుచేసేది బ్యాక్టీరియా. అప్పుడే పుట్టిన బిడ్డ పేగుల్లో ఆ బ్యాక్టీరియా ఇంకా చేరదు, తల్లిపాలలో ఈ విటమిన్ తక్కువ, మాయ దాటి వచ్చేదీ తక్కువే. "పచ్చి బిడ్డకు సూదేమిటి" అని సవర పల్లెలోనో మన వీధిలోనో అమ్మమ్మ అడ్డుపడితే, రక్తస్రావం కాకుండా తొడకు వేసే ఆ ఒక్క విటమిన్ కె ఇంజెక్షన్ గురించి ఈ కోడిపిల్లల కథ చెప్పండి. గైడ్‌లైన్ చూపించడం కన్నా నయం.

ఇక విద్యుత్ రసాయనం. ఇన్సులిన్‌ను శుద్ధి చేయడానికి షాఫర్, సొమోగీలతో కలిసి డోయిజీ వాడిన కిటుకు ఒకటుంది. ద్రవం పీహెచ్, అంటే దాని ఆమ్లక్షార గుణాల కొలత, మారుస్తూ పోతే, ప్రోటీన్ మీద ధన, ఋణ ఆవేశాలు సరిసమానమయ్యే చోట అది కరిగి ఉండలేక అడుగున పేరుకుంటుంది. మిఠాయి కొట్లో పాలు విరిచి ఛెనా తీయడంలోనూ ఈ సూత్రమే ఉంది.

డోయిజీ చేసిన పని కాదు గానీ, గ్లూకోమీటర్ కూడా ఈ వరసలోదే. 1962లో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ఎలక్ట్రోడ్ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్ పరిచే ఆలోచన బయటపెట్టారు. ఇప్పటి స్ట్రిప్పుల్లో ఎంజైమ్ గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది, మధ్యవర్తి రసాయనం వాటిని ఎలక్ట్రోడుకు చేరుస్తుంది, మీటరు ఆ కరెంటును కొలుస్తుంది. ఆ కరెంటు వేలి మీది రక్తంలో చక్కెరదా, ఇప్పుడే తిన్న మామిడిపండు రసందా అనేది మీటరుకు తెలియదు. గర్భిణికి అంకె ఎక్కువొచ్చిందని టెన్షన్ పెట్టేముందు ఆమె చేతులు కడిగించి, బాగా తుడిపించి, మళ్లీ చూడండి. వానాకాలంలో స్ట్రిప్పుల డబ్బా మూత తీసి బల్లమీద వదిలేయకండి, తేమకు ఆ ఎంజైమ్ పాడవుతుంది. ఆశా దీదీలకు కూడా ఈ రెండు ముక్కలు చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి. ఒడియాలో అడిగినా పర్వాలేదు.